పొలిమేర దాటిన ఈశ్వరి

మా ఊరు బొబ్బిలికి కొంచెం ఎడంగా, చెరకు తోటల మధ్య ఉంటుంది. ఊళ్లో ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్ల ఒక్కతే, ఈశ్వరి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు నేర్పిన ఆటను కళ్లాల్లో మగపిల్లలతో పోటీపడి పెంచుకుంది. ఇంటర్ అయ్యాక ఆమెకు ఒకటే కోరిక, విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ జట్టులో చోటు. అది దొరికితేనే చదువు. లేకపోతే పలాసలో మేనత్త దగ్గరుండి జీడిపప్పు పనికి వెళ్లాలని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు.

ఎంపిక పోటీలు రెండు రోజులు. సరిగ్గా అమ్మవారి పండుగ చాటింపు వేశాక వచ్చాయి. మా ఊళ్లో చాటింపు డప్పు మోగాక పండుగ అయ్యేవరకు ఎవరూ పొలిమేర అవతల నిద్ర చేయకూడదు. పని మీద వెళ్లినా గుమ్మాల్లో దీపాలు వెలిగేలోగా తిరిగి రావాలి. తల్లిని నమ్ముకున్నదాన్ని, నేనూ ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. పైగా ఈ ఏడు అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని ఊరు తిరిగే వంతు ఈశ్వరి మామ్మ తవిటమ్మది. ఇంట్లో ఎవరు నియమం తప్పినా ఆమె ఆ ఘటం ముట్టుకోకూడదు.

ఊరిపెద్ద జగన్నాధం ఆ మాట పట్టుకుని అసలు వెళ్లనే వద్దన్నాడు. ఆడపిల్ల నిక్కరేసుకుని గెంతితే తల్లి ఊరుకోదని పదిమందిలో అనేశాడు. ఈశ్వరి నాన్న తల వంచుకున్నాడు. ఈశ్వరి వంచలేదు.

“నిన్న నువ్వు సంతకెళ్లి గేదిని అమ్మొచ్చినావు కదా మావా. తల్లేటన్నాది నీతోటి?”

పక్కనున్నవాళ్లు నవ్వు ఆపుకున్నారు.

“నాది యాపారమే. నీది ఆట.”

“నాదీ బతుకే మావా. అమ్మోరు ఆపితే ఆగుతాను. నువ్వాపితే ఆగను.”

తవిటమ్మ మనవరాలిని మందలించలేదు. పోటీల రోజు తెల్లవారకముందే చద్దన్నం మూట కట్టి, బూట్ల మీద చిటికెడు పసుపు జల్లి పంపింది.

మొదటి రోజు ఈశ్వరి బాగా ఆడింది. సాయంత్రం కోచ్ లక్ష్మీకామేశ్వరి పిల్లలందరినీ హాస్టల్లో ఉండిపొమ్మంది. ఈశ్వరి ఉండలేనంది. కారణం విని కోచ్ విసుక్కుంది. ఇలా వెళ్లినవాళ్లు మళ్లీ రారని, పొద్దున ఈల ఊదాక వస్తే లోపలికి రానివ్వనని చెప్పింది.

తిరిగొచ్చే దారిలో రైల్వే గేటు దగ్గర బస్సు చాలాసేపు నిలిచిపోయింది. సంగతి విన్న కండక్టరు, ఆపే చోటు కాకపోయినా మా ఊరి మలుపులో బస్సు ఆపించాడు. అక్కడి నుంచి పరుగు. అప్పటికే పొద్దుగుంకింది.

ఊళ్లోకి వచ్చేసరికి వీధంతా చీకటి. ఏ గుమ్మంలోనూ దీపం లేదు. జగన్నాధం వీధి మధ్య నిలబడి ఇదేమిటని అడుగుతున్నాడు. తవిటమ్మ పక్కింటి నారాయణమ్మ, ప్రమిద ముందు పెట్టుకుని గడప మీద కూర్చుంది.

“అగ్గిపెట్టి సెమ్మగిల్లిపోనాది బావా,” అంది.

“ఈదంతా సెమ్మగిల్లిపోనాదేటి?”

“ఏమో. మాదైతే సెమ్మగిల్లినాది. ఎదురింటోల్ల సంగతి నువ్వే అడుగు.”

ఎదురింట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఈశ్వరి రొప్పుతూ జగన్నాధం పక్కనుంచే నడిచి తన గడప దాటింది. అప్పుడు ఒక్కో ఇంట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది. ముందుగా ఎవరూ అనుకున్నది కాదు. నారాయణమ్మ దీపం వెలగలేదని చూసి నేనూ ఆగాను, అంతే. తల్లికి కోపం వచ్చిందని నేననుకోను.

“రేపూ ఎల్తావేటి?” అన్నాడు జగన్నాధం గొంతు తగ్గించి.

“ఎల్తాను మావా. రేపూ వస్తాను.”

రెండో రోజు ఆమె కోచ్ కంటే ముందే మైదానంలో ఉంది. మ్యాచ్‌లో మోకాలు చెక్కుకుపోయినా బయటికి రాలేదట. తనకన్నా ఎంతో పొడుగైన పిల్ల దగ్గర బంతి లాక్కుని గోల్ కొట్టిందట. మధ్యాహ్నం కోచ్ పిలిచి, జట్టులో చోటిచ్చామని, రేపటి నుంచే సాధన కాబట్టి ఇవాళే హాస్టల్లో చేరిపొమ్మని చెప్పింది. కోరుకున్నది చేతికొచ్చిన వేళ ఇంకో పిల్లయితే తలూపేసేది.

“పండగయ్యేదాకా మా ఊళ్లోనే పడుకుంటాను మేడమ్. మా మామ్మ ఘటం ఎత్తాలి. ఆట మాత్రం ఒక్క పూట మానను.”

“సాధన ఏడింటికి. ఎలా వస్తావు?”

“ఇయ్యాల వచ్చినట్టే వస్తాను. గేటు తీసుంచండి.”

కోచ్ ఆ పిల్ల మోకాలి వైపు కాసేపు చూసింది. తర్వాత వాచ్‌మన్‌ను పిలిచి, రేపటి నుంచి ఆరున్నరకే తాళం తియ్యమంది.