శంకరరావు రాయించిన కాగితాలు

శంకరరావు బిలాస్‌పూర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. తండ్రి లోకో షెడ్డులో ఫిట్టరు. తాను చదువుకోవడానికి కాలేజీలో చేరిన కొత్తలో, అర్థంకాని ఇంగ్లీషు పాఠాలకు బెదిరి, రెండు నెలలు స్టేషన్ బెంచీ మీదే పొద్దుపుచ్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అందుకే 1987లో ప్రిన్సిపాల్‌ను బతిమాలి, మొదటి ఏడాది పిల్లల కోసం శనివారం ఒక గంట క్లాసు పెట్టించుకున్నాడు.

లైబ్రరీలో పుస్తకం ఎలా అడగాలో, పాఠం తలకెక్కకపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పేవాడు. మూడో శనివారం అందరికీ తలో కాగితం పంచాడు.

"మీకు దేనికి భయమో రాయండి. పేరు కూడా రాస్తేనే సాయం చేయగలను. నేను తప్ప ఎవరూ చూడరు" అని హిందీలో చెప్పాడు.

రైల్వే కాలనీ నుంచి వచ్చే తెలుగు కుర్రాడు గిరిబాబు ఒక్క వాక్యం రాశాడు: గది తలుపు మూస్తే నాకు ఊపిరాడదు.

శంకరరావు ఆ కాగితాలన్నీ స్టాఫ్ రూములో తన సొరుగులో పెట్టాడు. దానికి తాళం లేదు. వేయించాలని తోచనూ లేదు.

గురువారం నాటికి అవి మూడో ఏడాది కుర్రాళ్ల చేతిలో పడ్డాయి. క్యాంటీన్లో పైకి చదివి నవ్వుకున్నారు. తర్వాత గిరిబాబును ఆటసామాన్ల గదిలోకి నెట్టి, గొళ్లెం పెట్టి, సినిమాకు పోయారు. సాయంత్రం ప్యూను తలుపు తీసేసరికి పిల్లవాడి గోళ్లు చిట్లి నెత్తురోడుతున్నాయి.

మర్నాడు శంకరరావు వాళ్ల క్వార్టరుకు వెళ్లాడు. గిరిబాబు వాన జల్లు కొడుతున్నా వరండాలోనే కూర్చున్నాడు. తల్లి అప్పలనర్సమ్మ స్టూలు తెచ్చి వేసింది.

"అన్నం కూడా ఇక్కడే తింటన్నాడు మాస్టారూ. ఆడికా భయముందని నాకే ఎప్పుడూ సెప్పనేదు. మీకు సెప్పేడు. మరి ఆళ్లకెలా తెలిసింది?"

"నా సొరుగులోంచి తీశారమ్మా. తప్పు నాది."

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కాగితాల ఊసెత్తొద్దని ప్రిన్సిపాల్ హెచ్చరించినా, శంకరరావు యాజమాన్యానికి ఇచ్చిన ఫిర్యాదులో అంతా రాశాడు. కుర్రాళ్లను పదిహేను రోజులు సస్పెండు చేశారు. శనివారం క్లాసు ఎత్తేశారు. కాగితాలు రాసిన పిల్లల్ని ఒక్కొక్కరినే కలిసి క్షమాపణ అడిగాడు. కొందరు తల తిప్పుకున్నారు.

ఏడు నెలలు క్వార్టరు వరండాలోనే గిరిబాబుకు పాఠాలు చెప్పాడు. పరీక్షల్లో మొదటి రోజు, వడగాలికి హాలు తలుపులు మూశారు. గిరిబాబు తెల్లకాగితం వదిలేసి బయటికి వచ్చేశాడు.

"నాకింక చదువొద్దు సార్. అబ్ రహ్‌నే దీజియే, ఇంక వదిలేయండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

తర్వాత రైలు పట్టాల పనికి గ్యాంగులో కూలీగా చేరాడు.

శంకరరావు ఆ కాలేజీలోనే ఇంకా చాలా ఏళ్లు చేశాడు. కొత్త పిల్లలు ఏదైనా అడిగితే చెప్పేవాడు. వాళ్ల సంగతులు మాత్రం తనంతట తాను ఎవరినీ అడగలేదు.