మా వాడంతా చెయ్యెత్తని ఓటు

ఇప్పుడు సాయంత్రమైతే చాలు, టీవీలో ఓటు పద్ధతి మీద గోల. మిషన్లా కాగితాలా, అన్ని ఎన్నికలూ ఒకేసారి పెట్టాలా విడివిడిగానా, ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలవాలా లేక వచ్చిన ఓట్లను బట్టి సీట్లు పంచాలా అని నలుగురు పెద్దమనుషులు ఒకరి మాట ఒకరికి వినపడకుండా మాట్లాడుతుంటారు. మా ఆయన తలనొప్పి అంటూ పక్క గదిలోకి వెళ్ళిపోతాడు. నేను మాత్రం కాళ్ళు చాపుకుని, అటుకుల గిన్నె ఒళ్ళో పెట్టుకుని దర్జాగా చూస్తాను. ఎందుకంటే ఇదే విషయం మీద ఒకప్పుడు నిండు సభలో మాట్లాడి, సొంత ఊళ్ళో, సొంత మనుషుల ముందు చిత్తుగా ఓడిపోయినదాన్ని నేను. (అంతటి అనుభవం ఆ నలుగురిలో ఒక్కరికీ ఉండదని నా గట్టి నమ్మకం.)

ఆ రోజుల్లో నేను దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాను. మాది శామీర్‌పేట దగ్గర చెరువును నమ్ముకుని బతికే వాడ. నాయిన, చిన్నాయినలు, మామలు అందరూ వలలు వేసేవాళ్ళే. మా అవ్వ, అంటే అమ్మ, రోడ్డు పక్కన చేపలమ్మేది. వాడలో ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి పిల్లను కాబట్టి నా తలకాయ కాస్త పైకే ఉండేది, నోరు దానికన్నా పైన ఉండేది. అలాంటి సమయంలో మా కాలేజీలో చర్చా పోటీ పెట్టారు. ‘మన దేశంలో ఓటు పద్ధతి మార్చాలా, వద్దా?’ అన్నది విషయం. గెలిచినవాళ్ళను కాలేజీ ఖర్చుతో ఢిల్లీ పంపిస్తారు, అక్కడ అన్ని రాష్ట్రాల పిల్లలతో మాట్లాడవచ్చు. మా వాడలో ఢిల్లీ చూసినవాళ్ళు లేరు. నాకు ఢిల్లీ కావాలి. ఎంతగా కావాలంటే, పోటీకి పేరు ఇచ్చిన రోజే అల్వాల్‌లో ఉండే మేనత్తకు ఫోన్ చేసి ఆమె స్వెటర్ అడిగి పెట్టుకున్నాను.

ఒక్కొక్కరే రాలిపోగా చివరికి ఇద్దరం మిగిలాం. నేను, నా స్నేహితురాలు మైకు. (అసలు పేరు వేరే. ఆమె గొంతుకు కరెంటు అక్కర్లేదని ఆ పేరు పెట్టాం.) వాళ్ళది దూలపల్లిలో కొత్త కాలనీ, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబం. పద్ధతి మార్చాలని నేను, మార్చొద్దని ఆమె. పోటీ నడిపించే మా సారుకు అప్పుడొక ఆలోచన వచ్చింది. ఓటు గురించిన ముచ్చట ఇంకా ఓటే వెయ్యని పిల్లల ముందు ఎందుకు, ప్రతిసారీ ఎండలో నిలబడి ఓటేసే జనం ముందు పెడదాం, తీర్పు కూడా వాళ్ళే చేతులెత్తి చెప్తారు అన్నాడు. ఏ ఊళ్ళో అని ఆయన అడిగేలోపే మా ఊళ్ళో అని నేను అన్నాను. మైకు ముఖం మాడిపోయింది. న్యాయంగా ఉండాలని సారు వాళ్ళ కాలనీవాళ్ళకు కాలేజీ బస్సు ఏర్పాటు చేశాడు. అయినా ఒక బస్సులో ఎంతమంది పడతారు? మా వాడ మా వాడే కదా. ‘బాధపడకు, ఢిల్లీ నుంచి నీకు గాజులు తెస్తా’ అని మైకును నేనే ఓదార్చాను.

ఇంటికొచ్చి అవ్వ ముందు తర్ఫీదు మొదలుపెట్టాను. నియోజకవర్గం, దామాషా పద్ధతి అని ఏవేవో పెద్ద పెద్ద మాటలు పలుకుతుంటే అవ్వ వల చిక్కులు విప్పుకుంటూ వింటోంది. ముగ్గురు నిలబడితే ఎక్కువ వచ్చినవాడొక్కడే గెలుస్తాడు, మిగతా ఇద్దరికీ పడ్డవి కలిపితే వాడికంటే ఎక్కువే ఉండొచ్చు అని చెప్పేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

“మరి ఓడినోళ్ళకు ఏసిన ఓట్లు యాడికి పోతయే బిడ్డా?” అంది.

చటుక్కున పెన్ను అందుకున్నాను. మా లైబ్రరీ మొత్తం తిరగేసినా దొరకని మాట అది. దాన్ని అట్లాగే ఎత్తుకుపోయి నా ప్రసంగంలో మొదటి వాక్యంగా పెట్టుకున్నాను. ఇంతలో నాయిన తన పని తాను చేసుకుపోయాడు. శామీర్‌పేట బస్టాండ్ దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టించాడు. ‘ఢిల్లీకి పోతున్న మా బిడ్డకు శుభాకాంక్షలు’ అని దాని మీద రాయించాడు. నా హాల్‌టికెట్ ఫొటోను పెద్దది చేయించడం వల్ల నేను ఎక్కడో ఏదో దొంగతనం చేసి పట్టుబడినట్టున్నాను. కింద చిన్నాయినలు, మామలు, వాళ్ళ బావమరుదులు వరసగా చేతులు జోడించి నిలబడి ఉన్నారు. పోటీ ఇంకా జరగలేదు నాయినా అంటే, ‘జరిగితె గెలుస్తవు గద’ అన్నాడు. ఇక నాకు గెలవడం తప్ప దారి లేకుండా పోయింది.

ఆ ఆదివారం కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ఒక పక్క మా వాడ, ఇంకో పక్క కాలనీ. మా అవ్వ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మైకు వాళ్ళమ్మ పెద్ద డబ్బాలో పులిహోర చేసుకొచ్చి, అటూ ఇటూ అని చూడకుండా అందరికీ పంచింది. నేను లేచి, ఓడినోళ్ళకు వేసిన ఓట్లు ఎక్కడికి పోతాయి అని అడిగాను. ఎండలో నిలబడి వేసిన ఓటు ఒక్కటి కూడా ఉత్తగా పోకూడదు, ఎవరికి ఎన్ని ఓట్లు పడితే అన్ని సీట్లు పంచాలి అని గొంతు పెంచి చెప్పాను. నాయిన కళ్ళు తుడుచుకోవడం చూశాను. తర్వాత మైకు లేచింది. మీ చెరువు తూము పాడైతే ఎవరి ఇంటికి పోయి అడుగుతారు, ఇప్పుడు మీకని ఒక మనిషి ఉన్నాడు, వాటాలేసి పంచితే అందరూ మీవాళ్ళే, అడగబోతే ఒక్కరూ మీవాళ్ళు కారు అంది. తూము మాట రాగానే మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. పోనీలే, ఓటు దగ్గర తెలుస్తుంది అనుకున్నాను.

ఓటు దగ్గర తెలిసింది. సారు లేచి, పద్ధతి మార్చాలన్న మీ ఊరి అమ్మాయికి చేతులెత్తండి అన్నాడు. కాలనీవైపు నుంచి కొన్ని చేతులు లేచాయి. మా వాడలో ఒక్క చెయ్యి లేవలేదు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో హారతి కోసం కూర్చున్నంత బుద్ధిగా కూర్చున్నారు. వీళ్ళకు అర్థం కాలేదనుకుని సారు మళ్ళీ మొదటి నుంచి, ఒక్కొక్క మాట విడమరిచి చెప్పాడు. ‘సమజైంది సారు’ అన్నారు అందరూ. మళ్ళీ ఎత్తమన్నాడు. మళ్ళీ అంతే. మా చిన్న మేనమామ భార్య చెయ్యి కొంచెం కదిలింది, అవ్వ పక్క నుంచి దాన్ని పట్టుకుని కిందికి లాగడం నేను కళ్ళారా చూశాను. నాయిన చేతులు కట్టుకుని నన్నే చూస్తూ నవ్వుతున్నాడు. మైకు వంతు వచ్చినప్పుడూ మావాళ్ళు ఎత్తలేదు, కాలనీవాళ్ళు మాత్రం గట్టిగానే ఎత్తారు. ఒక్క ఓటు కూడా ఉత్తగా పోకూడదని గొంతు చించుకున్నదాని కళ్ళ ముందు ఒక వాడ వాడంతా ఉత్తగా పోయింది. మైకు ఢిల్లీకి, నేను ఇంటికి.

ఇంటికెళ్ళేదాకా నేను నోరు విప్పలేదు (నా జీవితంలో అదొక రికార్డు). గడప దాటగానే ఏడుపు ముంచుకొచ్చింది. నేను బాగా మాట్లాడలేదా, మీకు నచ్చలేదా, నా మీద మీకేం కోపం అని అడిగాను. నాయిన నిజంగానే ఆశ్చర్యపోయాడు. కొంతసేపటికి గానీ నేను ఎందుకు ఏడుస్తున్నానో ఆయనకు తెలియలేదు.

“నీకు మేమెట్ల ఎత్తుతం బిడ్డా?” అన్నాడు. “సంఘంల ఎవలింటి ముచ్చటొస్తె ఆ ఇంటోళ్ళు చెయ్యెత్తరు. చేపలు కుప్పలు పోసినోడే ముందుగాల మంచి కుప్ప ఏరుకుంటడా? వాడ మొత్తం నీకు మామలు, చిన్నాయినలే అయిరి. ఇగ ఎవలు ఎత్తాలె?”

మత్స్యకారుల సంఘం కూర్చునే షెడ్డులోకి ఆడపిల్లలం మేమెప్పుడూ వెళ్ళేవాళ్ళం కాదు. చేపలు పంచేటప్పుడు కుప్పలు పోసినవాడు అందరికన్నా చివర తీసుకుంటాడని నాకు తెలుసు. అదే లెక్క చేతులెత్తేటప్పుడు కూడా ఉంటుందని, ఆ లెక్క ఒక కాలేజీ పోటీకి కూడా వర్తిస్తుందని కలలో కూడా అనుకోలేదు. మరి ఫ్లెక్సీ ఎందుకు కట్టావు అని దెబ్బలాడాను. ‘సంబరం వేరు, ఓటు వేరు’ అన్నాడు. (ఆ తర్వాతి వానాకాలమంతా ఆ ఫ్లెక్సీ మా వలల మీద కప్పుకున్నాం. తడవకుండా బాగానే కాపాడింది.) నేను ఇంకా ముక్కు ఎగబీలుస్తుంటే నాయిన నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

“ఆ కాలనీవోళ్ళ దిక్కు సూసినవా? మైకు వాళ్ళమ్మ నీకెత్తింది. కన్నబిడ్డ పోటీల ఉన్నా నీకెత్తింది. గా ఓటు మేమిచ్చెటిదా బిడ్డా? మేము వందమందిమి ఎత్తినా గంత బరువుంటదా?”

నేను చూడలేదు. మావాళ్ళ ఒళ్ళో ఉన్న చేతులను చూసి కుమిలిపోవడంలో, నాకోసం లేచిన చేతులను నేను లెక్కలోకే తీసుకోలేదు. మర్నాడు మైకును అడిగితే, నిజమేనని, అమ్మతో మాట్లాడటం మానేశానని చెప్పింది. ఆ తర్వాత నేను దూలపల్లి వెళ్ళి వాళ్ళమ్మనే అడిగాను. ‘మా అమ్మాయి బాగా చెప్పిందమ్మా, కానీ నువ్వింకా బాగా చెప్పావు, నేనేం చెయ్యను?’ అని ఇంత పులిహోర పెట్టింది. తింటూ ఉంటే ఢిల్లీ దుఃఖం సగం పోయింది. మిగతా సగం మైకు తిరిగొచ్చి అక్కడి చలి గురించి చెప్పినప్పుడు పోయింది. మా వాడ మీద అప్పుడు మొదలైన గర్వం మాత్రం ఇంతవరకూ పోలేదు. సొంత మనిషి గెలుపు కోసం అడ్డమైన పనులూ చేసే ఈ కాలంలో, సొంత పిల్ల కళ్ళ ముందే ఓడిపోతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడానికి ఎంత గుండె కావాలో వయసు మీద పడుతున్నకొద్దీ తెలుస్తోంది.

ఈమధ్య అల్వాల్‌లో మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిగా నిలబడ్డాను. ఇక్కడ కూడా చేతులెత్తడమే. మా ఆయన అందరికంటే ముందు ఎత్తాడు (ఆయన మా వాడ మనిషి కాదు కదా, ఏం చేస్తాం). ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాను. నా చెయ్యి లేచి ఉంటే కనీసం సమానమయ్యేది. నీకు నువ్వన్నా వేసుకోవద్దా అని మా ఆయన రెండు రోజులు తలపట్టుకున్నాడు. అది కావాలని దించిన చెయ్యి కాదు, దానంతట అదే లేవలేదు అని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. చివరికి నాయినకు ఫోన్ చేసి చెప్పాను. వినీ వినగానే ఫోన్ కొంచెం దూరం పెట్టి, పక్కన వల సర్దుకుంటున్న వాళ్ళెవరికో, కూతురు కలెక్టరైనంత గొంతుతో చెప్తున్నాడు, “మా బిడ్డ ఆడ గూడ చెయ్యెత్తలేదంట.” ఓడిపోయానన్న సంగతి వాళ్ళకు చెప్పనే లేదు.