అటక ఫ్యాన్, అత్తయ్య కిటికీలు

మా అత్తగారు అమెరికా వచ్చిన ఇరవై రెండో రోజున, చారులో కొత్తిమీర తుంచి వేస్తూ, "ఒరేయ్, నా టికెట్ ముందుకు జరిపించు" అన్నారు మా ఆయనతో. ఆర్నెల్లు ఉంటానని వచ్చిన మనిషి.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. ఊపిరాడటం లేదంతే. మూత బిగించిన సీసాలో ఉన్నట్టుంది."

"ఏసీ నడుస్తోంది కదమ్మా, కిటికీలు తియ్యకూడదు. సరే, నీ ఇష్టం" అన్నారు మా ఆయన. వాళ్ల వంశంలో అందరూ మర్యాదస్తులు. ఇల్లు తగలబడుతున్నా "మీరు ముందు, మీరు ముందు" అనుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయే రకం. నేను మాత్రం తక్కువా? గిన్నెలు కడుగుతూ ఏదో జోకు వేశాను. ఏం జోకో గుర్తు లేదు. ఎవరూ నవ్వలేదని మాత్రం గుర్తుంది.

మేమప్పుడు కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన పొద్దున ఏడింటికి కారెక్కితే సాయంత్రం ఆరున్నరకి దిగేవారు. నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు పోయింది. రెండోసారి నా పక్కన కూర్చున్న ఆఫీసరు దిగాక కారుకి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. పెళ్లయి ఏడాదిన్నర, పగలంతా ఇంట్లో నాతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే, అదీ మోటారు తిరిగినప్పుడే. అలాంటి ఇంటికి, బందరులో ఆడపిల్లల స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి వచ్చారు. నా ఇడ్లీలు దిద్దారు, నా ఉత్తరాల్లో తప్పులు దిద్దారు, మధ్యాహ్నాలు పాటలు పాడుతూ కూరలు తరిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తగారి ప్రయాణం ఆగిపోవాలని ఒక కోడలు ప్రార్థన చెయ్యడం మా సంఘంలో ఎవరూ విని ఉండరు కాబట్టి, మనసులోనే చేసుకున్నాను.

ఊపిరాడటం లేదన్న మాటని మా ఆయన ఇంజినీరింగ్ సమస్యగా తీసుకున్నారు. మర్నాడే ఒక పెద్ద అట్టపెట్టెలో ఫ్యాన్ పట్టుకొచ్చారు. నడవా పైకప్పుకి చతురస్రంగా కన్నం కోసి, పైన అటకలో ఈ ఫ్యాన్ బిగించాలిట. అది తిరిగితే ఇంట్లో వేడిగాలిని పైకి లాగి, అటక గోడలకున్న జాలీల్లోంచి బయటికి తోసేస్తుంది. దాని వెనకే కిటికీల్లోంచి బయటి గాలి ఇల్లంతా వస్తుంది. ఇక ఏసీతో పని లేదు. ఇదంతా ఆయన కాగితం మీద బాణాలు గీసి చూపించారు. బాణాలు చాలా చల్లగా కనిపించాయి.

శనివారం ఆయన అటకెక్కారు. అక్కడ నడవాలంటే దూలాల మీదే కాలు పెట్టాలి. మధ్యలో ఉన్నది ఉత్త అట్టలాంటి కప్పు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయన ఎడమ కాలికి తెలియదు. కింద గదిలో మంచం మీద కూర్చుని బైబిల్లో వాక్యం చదువుకుంటున్న అత్తయ్య ముందుకి, పైకప్పులోంచి మోకాలిదాకా ఒక కాలు దిగింది, బూటుతో సహా.

అత్తయ్య కళ్లజోడు తీసి చూశారు. "ఒరేయ్, కాలొక్కటే వచ్చింది. నువ్వెక్కడున్నావు?"

"పైనున్నానమ్మా" అని ఎక్కడినుంచో వినబడింది.

"మరి దాన్ని కూడా తీసుకుపో."

మర్నాడు చర్చి నుంచి రాగానే ప్రారంభోత్సవం. మధ్యాహ్నం రెండు గంటలు, బయట కారు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఆయన ఎనిమిది కిటికీలూ బార్లా తెరిచి స్విచ్ వేశారు. పైన విమానం లేచినంత చప్పుడు. డబ్లిన్‌లో ఉన్న వేడంతా వరసగా మా ఇంట్లోకి వచ్చింది. గోడమీది క్యాలెండర్ రెండు నెలలు ముందుకి వెళ్లింది. పది నిమిషాలకి మేం ముగ్గురం అప్పడాల్లా ఉన్నాం.

"ఎలా ఉందమ్మా?"

"బాగుందిరా" అన్నారు అత్తయ్య.

ముప్పై ఏళ్లు ప్రోగ్రెస్ రిపోర్టులు రాసిన మనిషి. ఆ "బాగుంది"కి ఎన్ని మార్కులో నాకు తెలుసు. సాయంత్రం మళ్లీ టికెట్ సంగతి అడిగారు. మా ఆయన ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేశారు. ఆ పై వారం శుక్రవారానికి సీటు దొరికింది. నేను వెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచి కాసేపు ఊరికే నిలబడ్డాను, పాత స్నేహం కదా.

శుక్రవారానికి ముందొచ్చిన శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. ఫ్రీమాంట్ నుంచీ, శానోజే నుంచీ నాలుగు కుటుంబాలు వచ్చాయి. మా వాళ్లు గొంతెత్తి, కంజీర కొట్టి పాడతారు. అలా పాడుతూనే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని భయపడతారు. పోయిన నెల పక్కింటావిడ వచ్చి "ఎవరిదైనా పుట్టినరోజా?" అని అడిగి వెళ్లింది. అప్పటినుంచీ పాటలు మొదలవకముందే కిటికీలు మూసెయ్యడం ఆనవాయితీ అయింది. ఆ రోజు మూసింది నేనే. ఫ్యాన్ పెట్టిన పౌరుషంతో మా ఆయన ఏసీ ఆపేశారు. ఇరవై మంది జనం, ఓవెన్‌లో బిర్యానీ. గదిలో బిర్యానీ ఏదో, జనం ఏదో తెలియకుండా ఉడుకుతున్నాం.

పాటలయ్యాక, అందరిలోకీ పెద్దాయన ఒక అంకుల్ అత్తయ్య ప్రయాణం కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన లోకం పుట్టినప్పటినుంచీ బయల్దేరి మా ఇంటిదాకా రావాలంటే చాలాసేపు పడుతుంది. అందరం కళ్లు మూసుకున్నాం. మా ఆయన ఒక కన్ను తెరిచి, మెల్లగా లేచి, స్విచ్ వేశారు.

ఫ్యాన్‌కి గాలి కావాలి. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అది ఇల్లంతా వెతికింది. హాల్లో చలిమంట వేసుకునే గూటి పొగగొట్టం దొరికింది. దాని కింద పోయిన చలికాలం కాల్చిన కట్టెల బూడిద ఉంది. రేపు ఎత్తేస్తానని నేను ఏప్రిల్ నుంచీ చెబుతున్న బూడిద. అది ఒక్కసారిగా లేచి హాలంతా పరుచుకుంది. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పాతికేళ్లు పెద్దవాళ్లయిపోయారు.

అంకుల్ ప్రార్థన మధ్యలో ఆపి కళ్లు తెరిచారు. "ప్రభువా, ఏమిటీ సూచన?"

"సూచన కాదంకుల్, బూడిద" అన్నాను.

ప్రార్థనలో కళ్లు తెరిచిన పిల్లల్ని ముప్పై ఏళ్లు బెంచీ ఎక్కించిన అత్తయ్య, ఆ రోజు అందరికంటే ముందు లేచారు.

"ఒరేయ్, ముందు దాన్ని ఆపు! అమ్మాయ్, ఆ వంటింటి కిటికీ తియ్! అంకుల్‌గారూ, మీ వెనకాలది మీరు తియ్యండి. పాడితే వింటారు, మన పాటలేమైనా దొంగ పాటలా? ఊఁ, ఇప్పుడు వెయ్యరా."

ఆ వేళకి సముద్రం వైపు నుంచి కొండలు దాటి చల్లగాలి మా ఊళ్లోకి దిగుతుంది. ఏడాదిన్నరగా రోజూ దిగుతూనే ఉందిట, మేమే తలుపులు తియ్యలేదు. తెరలు లోపలికి పొంగాయి. చల్లటి గాలి ఒక్కొక్క కిటికీలోంచీ వచ్చి, మెడల మీది చెమట తుడిచి, నడవాలోంచి పైకి వెళ్లిపోయింది.

"పోవడానికి దారి పెట్టావు, రావడానికి పెట్టావా?" అన్నారు అత్తయ్య కొడుకుతో. "మిట్టమధ్యాహ్నం తెరుస్తావు, చల్లబడ్డాక మూస్తావు. బందరులో పెరిగినవాడివేనా నువ్వు? ఎండాకాలం తొమ్మిదింటికల్లా మూసి, సముద్రపు గాలి తిరిగాక తెరిచేవాళ్లం కామూ?"

"అక్కడ ఫ్యాన్ అటకలో లేదు కదమ్మా..."

"గాలి గాలేరా." కిటికీలోంచి అరచెయ్యి బయటికి చాపి కాసేపు నిలబడ్డారు. పమిట ఎగురుతోంది, జుట్టునిండా బూడిద. "సముద్రం ఎంత దూరం ఇక్కడికి?"

"గంట డ్రైవ్."

"అనుకున్నాను" అన్నారు, ఎవరో తెలిసినవాళ్లు కనిపించినట్టు.

మర్నాటికల్లా ఫ్రిజ్ మీద కిటికీల టైంటేబుల్ వెలిసింది. ఎనిమిదింటికి అన్నీ మూత, ఎండ తగిలే వైపు తెరలు కూడా. సాయంత్రం అత్తయ్య అరచెయ్యి బయటపెట్టి, లోపలికంటే బయట చల్లగా ఉందని తేల్చాకే ఫ్యాన్. అన్నీ తియ్యడం లేదు. మనుషులున్న గదుల్లో నాలుగు వేళ్ల సందు చొప్పున, అప్పుడే గాలి గట్టిగా లాగుతుందిట. ఆ వారం ఏసీ ముట్టుకోలేదు. అత్తయ్య గురక ఫ్యాన్‌తో పోటీపడింది.

టికెట్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మర్యాదస్తులం కదా.

గురువారం సాయంత్రం సర్దిన సూట్‌కేసులు నడవాలో, సరిగ్గా ఫ్యాన్ కిందే నిలబడ్డాయి. అత్తయ్య వంటింటి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూస్తున్నారు. నేను షోకేసులో ఇంకా మిగిలిన బూడిద తుడుస్తున్నాను.

"మీరెళ్తే ఈ టైంటేబుల్ ఎవరు నడుపుతారత్తయ్యా?"

"రాసిపెట్టానుగా."

"మీ దస్తూరి నాకర్థం కాదు."

అచ్చు వేసినట్టుంటుంది ఆవిడ దస్తూరి. ఆవిడ వెనక్కి తిరగలేదు. నాకు ఇంకో జోకు తట్టాలి. తట్టలేదు. గుడ్డ చేతిలో పట్టుకుని, "వెళ్లకండత్తయ్యా. ఉండండి. పగలు నాకు ఎవరూ లేరు" అన్నాను.

ఆవిడ కిటికీ వైపే చూస్తూ అన్నారు: "వచ్చినప్పట్నుంచీ 'నీ ఇష్టం, నీ ఇష్టం' అంటాడు వాడు. నువ్వేమో జోకులేస్తావు. ఉండమన్నవాళ్లు ఒక్కరు లేరు. ఆ ముక్కేదో ముందే అని ఉంటే, పాపం వాడి కాలు కప్పులోంచి దిగి ఉండేది కాదు కదే."

"రేపటి టికెట్..."

"వాడు రానీ, ఫోన్ చేయిద్దాం." అరచెయ్యి ఇంకొంచెం ముందుకి చాపారు. "ఇంకా వేడిగానే ఉంది. పావుగంట ఆగు."

ఆగాం.