నీళ్లు పోసే శీనమ్మ

తెల్లవారగానే శీనమ్మ మంచం మీదే కూర్చుని ప్రార్థన చేసుకునేది. ఆమెన్ అన్నాక పెనిమిటి ప్రేమానందాన్ని పిలిచి నీళ్లపొయ్యి ముట్టించమనేది. నీళ్లు కాగితే ఆయన వెడల్పు తపేలా తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. శీనమ్మ రవిక చెయ్యి పైకి లాక్కుని మోచేయి అందులో ముంచేది. ఒకరోజు ఇంకొంచెం చన్నీళ్లు కలపమనేది, ఒకరోజు సరిపోయినాయి అనేది. ఆ నీళ్లు పోయడానికి ఆ ఇంట్లో పసిబిడ్డ లేదు. అయినా ప్రేమానందం ఏనాడూ విసుక్కోలేదు. ఆ నీళ్లతో తన ముఖం కడుక్కుని, మిగిలినవి కరివేపాకు చెట్టుకు పోసేవాడు.

ఉదయగిరి కొండ కనిపించే, ఊరికి ఎడంగా ఉన్న ఆ పాలెంలోనూ, పక్కన ఊళ్లోనూ ఎవరింట బిడ్డ పుట్టినా శీనమ్మకు కబురు వచ్చేది. గోడకు ఆనుకుని పీట మీద కూర్చునేది. రెండు కాళ్లూ జతగా చాపి, ఆ కాళ్ల నడిమి పల్లంలో బిడ్డను పండబెట్టుకునేది. ఆముదం రాసి, చేతులూ కాళ్లూ సాగదీసి, సున్నిపిండితో రుద్ది, కళ్లల్లో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోసేది. పోస్తున్నంతసేపూ పెదవుల్లో ఏదో ఒక స్తోత్రం ఆడుతూనే ఉండేది. సాంబ్రాణి పొగ పట్టి, పాతచీర గుడ్డలో చుట్టి తల్లికి అందించేసరికి బిడ్డ నిద్రలో ఉండేది.

ఊళ్లో రైతు రామనారాయణ ఇద్దరు బిడ్డలూ ఆ కాళ్ల మీద పెరిగినవాళ్లే. పెద్దపిల్లకు నీళ్లు పోసే రోజుల్లో, శీనమ్మ చేతిలోంచి బిడ్డను తీసుకునే ముందు ఆ ఇంటి ముసలమ్మ పైనుంచి ఒక చెంబు నీళ్లు పోసి తీసుకునేది. పాలెం మనిషి తాకిన బిడ్డ గదా, అంటు పోవాలని అది వాళ్ల ఇంటి పద్ధతి. శీనమ్మ తల వంచుకుని పీట కడిగేది. రెండోవాడు సురేంద్రబాబు పుట్టాక, ఒకరోజు రామనారాయణ భార్య ఓబులమ్మ ముందుకు వచ్చి, అత్త చెంబు ఎత్తేలోపే బిడ్డను తడి ఒంటితోనే భుజాన వేసుకుని లోపలికి పోయింది. అత్త గొణిగింది. ఓబులమ్మ వినబడనట్టు ఊరుకుంది. శీనమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ, ఆనాటి నుంచి తన ప్రార్థనలో ఓబులమ్మ పేరు కూడా చేర్చుకుంది.

ఎన్ని నీళ్లు కాచి, ఎంతమంది బిడ్డలకు వేడి చూసి పోసిన మనిషో! నిరుడు ఒక ఉదయం మరిగే నీళ్లు ఆమె ఎడమ పాదం మీదే ఒలికితే ఆమెకు తెలియనే లేదు. చాలాకాలంగా ఒంట్లో ఉన్న షుగరు పాదానికి స్పర్శ లేకుండా చేసింది. పొక్కులు చూసి పసుపు అద్దుకుంది. పుండు నల్లబడ్డాక సురేంద్రబాబే తన కారులో నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. మోకాలి కింది దాకా కాలు తీసేసి పంపించారు. ఆ రోజు ఏడవని శీనమ్మ, ఆత్మకూరులో కాపురం ఉంటున్న కూతురు కరుణశ్రీ నెల తప్పిందని ఫోన్ వచ్చినప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కరుణశ్రీ అత్త లిదియమ్మ మంచి మనిషి. పురుడు తామే పోసుకుంటామనీ, శీనమ్మను కష్టపెట్టడం ఎందుకనీ నెమ్మదిగానే చెప్పింది. కరుణశ్రీ ఒప్పుకోలేదు.

"కాన్పు ఇక్కడే ఆస్పత్రిలో కానీమ్మా. బొడ్డు ఊడినాక మొదటి నీళ్లు మాత్రం నువ్వే పొయ్యాల. ఊరి బిడ్డలందరికీ పోసినావు, నా బిడ్డకు పొయ్యవా?"

"ఎందుకు పొయ్యను నాయనా, పోస్తా," అనేసింది శీనమ్మ. ఆ మాట ఎట్లా నిలబెట్టుకోవాలో ఆమెకే తెలియదు.

అప్పటి నుంచి ముసలివాళ్లిద్దరూ ఆ మాట కోసమే బతికారు. తెల్లవారగానే నీళ్లు కాచి మోచేయి ముంచి చూసుకోవడం మొదలైంది అప్పుడే. ప్రేమానందం గోడలు కట్టే బేల్దారి పనివాడు. గదికి సున్నం కొట్టాడు, తేళ్లు దూరకుండా నెర్రెలు పూడ్చాడు, పెరట్లో ఎండపొడ పడే చోట సిమెంటు గట్టు కట్టాడు. శీనమ్మ పాతచీరలు ఉడకబెట్టించి, మెత్తటివి ఏరి చింపి మడిచింది. పెసలు ఎండబెట్టి పిండి విసిరించింది. పోయిన కాలికి బదులుగా ప్రేమానందం గోతాంలో ఇసుక నింపి, బొంత చుట్టి, కాలంత పొడుగున కుట్టాడు.

ఆత్మకూరులో ఆడపిల్ల పుట్టింది. బొడ్డు ఊడిందని, శనివారం తీసుకొస్తున్నామని, ఆదివారం మొదటి నీళ్లని కబురు వచ్చింది. కబురు వచ్చిన మర్నాడు ఉదయం ప్రేమానందం పాదులోంచి లేత సొరకాయ కోసుకొచ్చి, దానికి గుడ్డ చుట్టి ఇచ్చాడు.

"ఇదిగో మే, నీ మనవరాలు. నీ మాదిరే లావుగా ఉండాది, చూడు."

శీనమ్మ నవ్వింది. గట్టు మీద కూర్చుని కాలు చాపింది. పక్కన ఇసుక కాలు పెట్టుకుంది. గుడ్డ విప్పి, సొరకాయకు ఆముదం రాసింది. నుదుటికి అడ్డం పెట్టినట్టే చెయ్యి పెట్టి, నీళ్లు పోయడానికి ముందుకు వంగింది. ఒళ్లు ఎడమకు ఒరిగింది, ఇసుక కాలు పక్కకు జరిగింది. సొరకాయ చేతిలోంచి జారి బండ మీద పడి, తల వైపు చీలిపోయింది.

ఆ సొరకాయను కూర వండుకోవడానికి చేతులు రాలేదు. ప్రేమానందం దాన్ని తీసుకుపోయి బర్రెకు వేశాడు. తానైనా కాళ్లు చాపి కూర్చుందామంటే, జీవితమంతా గొంతుక్కూర్చుని బండలు పరిచిన ఆయన మోకాళ్లు సాగవు. ఇంకెవరినైనా కూర్చోబెడదామంటే, ఎండ వెచ్చబడే వేళకు ఆదివారమైనా పాలెంలో ఆడవాళ్లందరూ కూలికి పోయి ఉంటారు.

మధ్యాహ్నం ఓబులమ్మ వచ్చింది. కాలు పోయినప్పటి నుంచీ ఆమె తరచు ఏదో ఒకటి తెచ్చి ఇచ్చిపోతూ ఉంటుంది. ఆరోజు గానుగ ఆముదం సీసా, మెత్తగా నలిగిన తన నూలుచీర తెచ్చింది.

"చంటిదానికి కొత్తబట్ట గుచ్చుకుంటాది మే. ఇదైతే మెత్తగా ఉంటాది," అంటూ గట్టు మీద కూర్చుంది. "గట్టు బాగా కట్టినాడే ప్రేమానందం."

శీనమ్మ చీర అందుకుని చెంపకు ఆనించుకుంది. సొరకాయ సంగతి చెప్పింది. చెప్తూ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఓబులమ్మ కూడా నవ్వలేదు.

"అక్కా," అంది శీనమ్మ చివరికి, తల ఎత్తకుండా. "చేతులు ఉండాయి నాకు, కాళ్లే లేవు. ఆదివారం పొద్దున ఒక్కసారి నీ కాళ్లు చాపుకుని ఇక్కడ కూర్చుంటావా? బిడ్డను నీ కాళ్ల మీద పండబెడతాను. పక్కన కూర్చుని నీళ్లు నేనే పోస్తాను." కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ అంది. "అయినాక ఇంటికి పొయ్యి ఒక చెంబు పోసుకుంటే పోసుకో అక్కా. నేనేమీ అనుకోను."