ఆ పేజీది ఏ ఊరో అడగలేదు

మా పెద్దమ్మవాళ్ళది గురజాల దగ్గర ఒక ఊరు. అక్కడ బస్సు దిగితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు. "ఏ ఊరు పాపా మీది? ఎవరి తాలూకు?" కిళ్ళీకొట్టు దగ్గర అడుగుతారు, చర్చి మెట్ల మీద అడుగుతారు, నీళ్ళ క్యాన్లేసే ఆటో అతను కూడా బండి ఆపి మరీ అడుగుతాడు. నేను పెరిగింది హైదరాబాద్‌లో. మా పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో కూడా నాకు తెలీదు. అందుకని ఈ ప్రశ్న వింటే ఒళ్ళు మండేది. ఒకసారి ఒక ముసలాయన్ని "ఆధార్ కార్డు చూపించమంటారా?" అనేశాను. ఆయన నవ్వి, "చూపిచ్చినా నాకు చదవరాదులే, ఎవరి పిల్లవో చెబితే చాలు" అన్నాడు.

పోయినేడాది మిరపకోతలప్పుడు నెల రోజులు అక్కడే ఉన్నాను. నాది ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం, పెద్దమ్మ వాళ్ళ డాబా మీద సిగ్నల్ బాగుంటుంది. ఊరి బయట కళ్ళంలో పట్టాల మీద కాయలు ఎండబోసి ఉండేవి. ఆ రోజు పొద్దున్నే పెద్దమ్మ కాయలు తిరగబోస్తుంటే, పట్టా అంచున పడుకున్న కుక్క లేచి ఆమె పిక్క పట్టేసింది. ఆ ఊరి కుక్క కాదు, ఎవరూ దాన్ని అంతకుముందు చూళ్ళేదు.

నేను టీ ఫ్లాస్కుతో వెళ్ళేసరికి పెద్దమ్మ ఒక ఎండుమిరపకాయ అరచేతిలో నలిపి, రక్తం కారుతున్న ఆ గాయంలో అదుముతోంది. రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి కూలికి వచ్చే ఆమె, నేను పిన్ని అంటాను, పక్కన కూర్చుని కాలు కదలకుండా పట్టుకుంది. "ఇంకా అదుమక్కా. మంట పుడితేనే విషం దిగుద్ది" అంటోంది.

"పిచ్చా మీకు?" అని అరిచాను. ఫోన్ తీశాను. గాయాన్ని పావుగంట సబ్బుతో, పారే నీళ్ళతో కడగాలని ఉంది. పెద్దమ్మని బోరు దగ్గరికి లాక్కెళ్ళి, టైమర్ పెట్టి మరీ పావుగంట కడిగాను. "చానా మండుతుందే, నీ దుంపతెగ" అని ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఇక్కడిదాకా నేను చేసింది కరెక్టే. నా కొంప ముంచింది కూడా అదే. ఒక్కటి కరెక్టయ్యేసరికి ఇంక అన్నీ నాకే తెలుసనుకున్నాను.

కాసేపటికి ఊళ్ళో ఆశా వర్కర్ పరిగెత్తుకుంటూ వచ్చింది. పెద్దమ్మా ఆమే ఒకరినొకరు వదినా అనుకుంటారు, చుట్టరికం ఏమీ లేదు.

"కూచున్నావేంది వదినా? చీర మార్చుకో, పోదాం. ఇయ్యాలే సూది పడాల. రక్తం వచ్చింది గదా, గాయం చుట్టూ ఏసేది ఇంకోటుంటది, దానికి పెద్దాసుపత్రికి పోవాల."

పెద్దమ్మ లేచింది. ఇది నేను మర్చిపోలేను. ఆమె లేచింది, ఒక చేత్తో చెంగు సర్దుకుంటూ రెండో చేత్తో చెప్పుల కోసం వెతుక్కుంది.

నేనే ఆపాను. నా ఫోన్లో అప్పటికి ఒక పేజీ తెరిచి ఉంది. నీలం రంగు అక్షరాలు, తెల్ల కోటేసుకున్న డాక్టరమ్మ ఫోటో, శుభ్రమైన ఇంగ్లీషు. గాయం చిన్నదైతే బాగా కడిగి, టెటనస్ టీకా పడిందో లేదో చూసుకుని, ఎర్రగా వాస్తేనే డాక్టర్‌కి చూపించండి అని ఉంది.

"అక్కర్లేదండీ. కడిగేశాం. ఇది డాక్టర్లు రాసింది" అన్నాను.

"ఏదమ్మా, చూపీ."

ఫోన్ వెనక్కి లాక్కున్నాను. "ఇంగ్లీషులో ఉంది. అసలు మీరేం చదువుకున్నారు?"

కళ్ళంలో ఉన్న నలుగురూ చేతులు ఆపి చూశారు. ఆమె మొహంలో కోపం కూడా లేదు. "పది తప్పా. మళ్ళీ కట్టి పాసయ్యా" అంది. "అయినా అడుగుతున్నా పాపా. అది ఎవురు రాశారు? ఎక్కడోళ్ళకి రాశారు?"

నాకు నవ్వొచ్చింది. "ఇంటర్నెట్‌కి కూడా ఏ ఊరు, ఎవరి తాలూకు కావాలా మీకు?"

పిన్ని ఫక్కున నవ్వింది. నేను గెలిచినట్టే అనిపించింది. పెద్దమ్మ ఆశా మొహమూ నా మొహమూ చూసి, చెప్పులు మళ్ళీ వదిలేసి కూర్చుంది. "మా పిల్ల చానా చదువుకుంది వదినా. కాయ టిక్కీలకెత్తాల, రేపు లారీ వచ్చుద్ది. తర్వాత చూద్దాంలే." టిక్కీలంటే మిరపకాయల బస్తాలు. పని చేతినిండా ఉన్న మనిషికి ఆసుపత్రి అక్కర్లేదని ఎవరైనా చెబితే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు.

సాయంత్రం ఆశా మళ్ళీ వచ్చింది. మర్నాడూ వచ్చింది. నేను డాబా మీంచే "బాగానే ఉంది, వాపు కూడా లేదు" అని చెప్పి పంపించేశాను. హెడ్‌ఫోన్స్ కూడా తియ్యలేదు.

నాలుగో రోజు ఆమె గేటు తీసుకుని నేరుగా లోపలికే వచ్చింది. ఈసారి నన్ను అడగలేదు. "వదినా, ఆ కుక్క చచ్చింది. కాలవ గట్టు మీద పడుంది. నోటెంట సొంగ. చచ్చేముందు రెండు మేకల్ని కరిచిందంట." తర్వాత నా వైపు తిరిగింది. "మొన్న మీ కాయలేరే ఆమెని గూడా కరిచింది పాపా. సూదికి పోదాం రావే అంటే, పట్నం పిల్ల ఫోన్లో చూసింది, కడిగితే చాలంట, అంటంది."

ఆ పేజీ మళ్ళీ తెరిచాను. మొదటిసారి కింద చివరిదాకా జరిపాను. ఎక్కడో సముద్రాల అవతలి దేశం వాళ్ళు, వాళ్ళ జనం కోసం రాసుకున్న పేజీ అది. మా దేశంలో కుక్కలకి రేబిస్ లేదు, వేరే దేశంలో ఉండగా కరిస్తే మాత్రం గాయం చిన్నదైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, అని రాసే ఉంది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నేనే చదవలేదు.

ఆశా తన ఫోన్ తీసింది. అద్దం మూలన పగిలి, టేప్ వేసి ఉంది. అందులో మన ఆరోగ్య శాఖ తెలుగులో ఇచ్చిన కాగితం దాచుకుంది. కుక్క కాటుకి ఏం చెయ్యాలో, ఏం పెట్టకూడదో, కారం పెట్టొద్దని కూడా, బొమ్మలేసి ఉంది. కింద ఏ శాఖ, ఎప్పుడు ఇచ్చింది అని ఉంది. "నేనూ ఫోన్లోనే చూస్తా పాపా. అయితే ఎవురిచ్చారో, మనకిచ్చారో కాదో ముందు చూసుకోమని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు" అంది. దెప్పుతున్నట్టు అనలేదు. దెప్పినా బాగుండేది.

నలుగురం ఒకే ఆటోలో వెళ్ళాం. పిన్ని దారంతా నా వైపు చూళ్ళేదు. పీహెచ్‌సీలో నర్సు కార్డు రాస్తూ పెద్దమ్మని అడిగింది. "కరిచి నాలుగు రోజులైందా? ఇన్నాళ్ళూ ఏం చేస్తన్నావమ్మా, తెలీదా?"

"మిరపకాయల పనిలో పడిపోయానమ్మా. నాదే తప్పు" అంది పెద్దమ్మ.

నేను పక్కనే ఉన్నాను. చేతిలో ఫోన్ ఉంది. కాదు, నేనే ఆపాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. నర్సు పెద్దమ్మని ఇంకో రెండు మాటలు తిట్టింది, ఆమె తలూపుతూ పడింది. ఆశా గోడ మీది పోస్టర్ చూస్తూ నిలబడింది.

గాయం చుట్టూ వేసే మందు కోసం ఆ రోజే నరసరావుపేట వెళ్ళాం. పిక్క చుట్టూ సూదులు గుచ్చుతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆలస్యమైనా వచ్చారు, మిగతా సూదులు తప్పకుండా వేయించుకోండి అన్నాడు డాక్టర్. ఇద్దరూ అన్నీ వేయించుకున్నారు. తర్వాత ఆశాకి సారీ చెప్పబోతే, "నాకెందుకు పాపా, సూదులేయించుకుంది వాళ్ళు గదా" అని సైకిలెక్కి పోయింది.

హైదరాబాద్ వచ్చాక మళ్ళీ చదివాను, ఈసారి ఎవరు రాశారో చూసుకునే. ఆ జబ్బు బయటపడటానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. వస్తే మనిషి నీళ్ళు మింగలేడు, గ్లాసు చూస్తేనే బెదిరిపోతాడు. సూదులన్నీ పడ్డాయని తెలుసు. అయినా ఆ నాలుగు రోజులు నన్ను వదల్లేదు. రోజూ సాయంత్రం పెద్దమ్మకి ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ముందు పిన్ని ఎలా ఉందని అడుగుతాను. తర్వాత, నీళ్ళు తాగావా అని అడుగుతాను.

మొదట్లో మురిసిపోయింది. ఇప్పుడు ఏడాది దాటింది. నిన్న కూడా అడిగాను.

"ఏందే రోజూ ఈ నీళ్ళ గోల?" అంది. అంతలోనే చెంబు బిందెకి తగిలిన మోత వినిపించింది.

"తాగుతన్నా. ఇను" అంది పెద్దమ్మ. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, గటగటా చెంబెడు తాగింది.