మైకు ముట్టని మామ

కొలతల మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో మైకు ఉంది. ప్రొద్దుటూరులో నేను పనిచేసే బట్టల అంగడి మూడంతస్తులు. ఏ అంతస్తులో ఏ సరుకుందో చెప్పడానికి కింద కౌంటరు దగ్గర మైకు పెట్టారు. ఆ పొద్దున నేను చెబుతున్నది సరుకు గురించి కాదు. చీరల సెక్షన్‌లో పనిచేసే ఒకామె మైదుకూరు వాళ్ల పెళ్లి మూటను రాజుపాలెం వాళ్లకిచ్చి పంపింది. ఇద్దరు పిల్లల తల్లి ఆమె. "మూట మీద పేరు చదవను రాదా, ఏం చదివినావు నువ్వు" అని ఆమె పేరు పెట్టి మూడంతస్తులకూ వినిపించాను. బేరానికొచ్చిన వాళ్లు నవ్వారు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. "నాయన పోయినాడన్నా" అన్నాడు మామ కొడుకు. నేను మైకు కింద పెట్టి చూసేసరికి ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోతోంది. ఆ తర్వాత పనికి రాలేదు.

మామ గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. కానీ ముందు నా సిగ్గు సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పడం నా వల్ల కావడం లేదు.

మామ మాలో ఎవరికీ వరసకు మామ కాదు. నేను పనికి చేరేనాటికే తానుల సెక్షన్‌లో ఆయన పాత మనిషి. మీటరు బద్దతో కొలిచి, కత్తెరతో ఒక్క గాటు పెట్టి, మిగతాది రెండు చేతులతో సర్రున చించేవాడు. గీత గీసినట్టు పోయేది. లెక్క అయ్యాక నాలుగు వేళ్ల గుడ్డ ఎక్కువే వదిలేవాడు. ఎందుకు మామా అంటే, "దర్జీ కూడా మనిషే గదప్పా. వాని తప్పుకు కూడా రోంత గుడ్డ ఉండాల" అనేవాడు.

మాలో ఎవరైనా తప్పు చేస్తే మామ వచ్చి "పా, బేలు దింపాల" అనేవాడు. దింపాల్సిన బట్టల బేలు ఏమీ ఉండదు. గోదాములోకి తీసుకుపోయి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడు మొదలుపెట్టేవాడు. మెత్తగా చెప్పేవాడని అనుకోవద్దు. నేను తిన్న తిట్లు నాకు తెలుసు. కానీ ఆ తిట్లు గోదాము గడప దాటేవి కావు. బయటికి వచ్చేటప్పుడు ఇద్దరి భుజాల మీదా చెరొక తాను ఉండేది. చూసేవాళ్లకు పని మీద పోయి వచ్చినట్టే ఉండేది.

మా మేనేజరు పద్ధతి వేరు. ఆయన అంగడి యజమానికి బావమరిది. తప్పు జరిగిందంటే చాలు, మైకు అందుకునేవాడు. వాకిలి దగ్గర ఒక ఎత్తు స్టూలు వేయించాడు. తప్పు చేసినవాడు దాని మీదెక్కి, వచ్చేపోయే జనం చూస్తుండగా మధ్యాహ్నం దాకా నిలబడాలి. దీనికి ఆయన పెట్టిన పేరు క్రమశిక్షణ. ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పోనీ, దాని వల్ల తప్పులు తగ్గాయా అంటే అదీ లేదు. దాచడం ఎక్కువైంది, అంతే. చిరిగిన చీరలు మడత విప్పకుండా ర్యాకుల వెనక్కి పోయేవి. అవి బయటపడ్డప్పుడు మళ్లీ మైకు, మళ్లీ స్టూలు. ఇంత చిన్న సంగతి అంత పెద్ద మనిషికి ఎందుకు ఎక్కేది కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అవి మా వైపు ఊళ్లు రెండుగా చీలి ఉన్న రోజులు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల నుంచి పెళ్లి బట్టలకు జీపులేసుకుని వచ్చేవాళ్లు. మనిషి చెప్పులు విడవకముందే ఏ ఊరు, ఎవరి తాలూకు అని మేము కనుక్కోవాలి. ఒక ఊరి రెండు వర్గాలను చీరలు పరిచి చూపే ఒకే పరుపు మీద కూర్చోబెట్టకూడదు. ఒకరిని కింద కూర్చోబెడితే ఇంకొకరిని పైన. వీళ్లు మెట్లెక్కేటప్పుడు వాళ్లు దిగకూడదు. చీరల రకాల కన్నా ముందు మేము వర్గాల పేర్లు నేర్చుకున్నాం.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా ఊరివాళ్లు వస్తే నన్నే పురమాయించేవాళ్లు. ఒకరోజు ఒక వర్గం వాళ్లు పెళ్లి బట్టలకొచ్చారు. మా అన్న కూడా వాళ్లతోనే వచ్చి బయట జీపు దగ్గర ఉన్నాడు. కాసేపటికి మా ఊరాయన ఇంకొకరు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆయనా ఆ వర్గమే. "రా చిన్నాయనా" అని తీసుకొచ్చి అదే పరుపు మీద కూర్చోబెట్టాను. ఎన్నికల ముందు మాటామాటా పెరిగి, ఆయన వారం కిందటే పార్టీ మారి అవతలి వర్గంలో చేరిపోయాడట. రెండు నెలలుగా ఊరి ముఖం చూడని నాకు ఎవరు చెప్పారు?

ఆయన కూర్చున్నాడో లేదో ముందు వచ్చినవాళ్లు అందరూ లేచి, విప్పిన చీరలు విప్పినట్టే వదిలేసి బయటికి నడిచారు. మేనేజరు మైకు అందుకున్నాడు. "సొంతూర్లో ఎవరు ఎవరో తెలీని ఎద్దును మేపుతాండాం, అందరూ చూడండి" అన్నాడు. నన్ను స్టూలెక్కించాడు. బయట మా ఊరి జీపులు ఇంకా కదల్లేదు. పార్టీ మారినాయన వెంట వచ్చిన ఒకడు నన్ను చూసి గట్టిగా నవ్వాడు. మా అన్న చేయి జీపు సీటు కిందికి పోయింది. ఆ సీట్ల కింద ఏముంటాయో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. నేను దిగితే ఉద్యోగం పోతుంది. దిగకపోతే వాకిట్లో నెత్తురు పడుతుంది.

అప్పుడు మామ వచ్చాడు, భుజాన తెల్లగుడ్డ తాను, చేతిలో మీటరు బద్ద. "ఈ కొస పట్టుకో అప్పా" అన్నాడు. పట్టుకోవాలంటే దిగాలి. దిగాను. ఆయన తాను విప్పుకుంటూ వాకిలి దాటి నేరుగా జీపు దగ్గరికి పోయాడు. "నాయనా, గుడ్డ నేల తగుల్తాంది, రెండు చేతులా పట్టుకో" అన్నాడు మా అన్నతో. కొత్త గుడ్డ మట్టిలో పడుతుంటే ఎవరు చూస్తూ ఊరుకుంటారు? అన్న పట్టుకున్నాడు. నవ్వినవాడిని కూడా పిలిచి, "నువ్వు ఆ పక్క పట్టుకో సామీ" అని చివర అందించాడు. కొలిచాడు, లెక్క తప్పిందని మళ్లీ మొదటి నుంచి కొలిచాడు. మామ లెక్క తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఈలోగా పెద్దవాళ్లు కేకేసి ఎవరి మనుషులను వాళ్లు జీపులెక్కించుకుని పోయారు.

"వాణ్ణి ఎవరు దిగమన్నారు?" అన్నాడు మేనేజరు.

"తాను కొలవాల గద సార్. ఒక్కనితో అయ్యే పని కాదు" అన్నాడు మామ.

ఆ సాయంత్రం గోదాములో నాతో అన్నాడు: "ఆ సారుకు ఇది అంగడి. జీపుల్లో వచ్చినోళ్లకు ఇదీ ఊరే అప్పా. ఈడ నగితే ఆడ తలకాయలు పోతాయి."

మర్నాడే మామను నేలమాళిగలో మూటలు కట్టే పనికి మార్చారు. పని మానేదాకా తొమ్మిదేళ్లు అక్కడే. అంత చేయి తిరిగిన మనిషికి మళ్లీ కత్తెర ఇవ్వలేదు. ఆయన కోసం నేను నోరు విప్పి ఒక్క మాట అడిగానా? లేదు. నా ఉద్యోగం నేను కాపాడుకున్నాను. కిందికి పోయినప్పుడల్లా "తిన్యావా అప్పా" అని ఆయనే పలకరించేవాడు. ఆయన పని మానేశాక నేను ఇన్‌చార్జినయ్యాను, మైకు నా చేతికొచ్చింది. స్టూలు తీయించాను గానీ, మైకులో అరవడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు.

చావింటికి ఆ మేనేజరు కూడా పూలదండతో వచ్చాడు. చర్చి వాళ్లు పాట ఆపగానే లేచి, మామ క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. పళ్లు బిగబట్టుకుని విన్నాను. అంతకన్నా కష్టమైన మాట తర్వాత మామ భార్య అన్నది. నన్ను పక్కకు పిలిచి, "నీ గురించే చెప్తాండె అప్పా. ఆయప్ప ఒక్కడు మాత్రం ఎవరి మీదా నలుగుర్లో నోరు జారడు అనేవాడు" అంది. తల వంచుకుని వచ్చేశాను.

నాలుగో రోజు పొద్దున చీరల సెక్షన్ ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వీధి కుళాయి దగ్గర బిందె పెట్టుకుని ఉంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు. దగ్గరికి పోయి, "జరిగింది నా తప్పేనమ్మా, పనికి రా" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అంత మెల్లగా చెప్తాండావేంది సార్? ఆ పొద్దు మైకులో చెప్తివి గదా."

కుళాయి దగ్గర అందరూ నన్నే చూస్తున్నారు. గొంతు పెంచి ఆమె పేరు పెట్టి, "నిన్ను నలుగుర్లో అట్ల అనడం నాది తప్పు" అన్నాను. నాలుగిళ్ల అవతలికి వినిపించి ఉంటుంది.

"మా అత్తకు ఇనబడల్యా" అని ఆమె ఇంటివైపు తిరిగి కేకేసింది. ముసలామె బియ్యం చాట చేతిలో పట్టుకుని గడప మీదికి వచ్చి నిలబడింది. ఆ పొద్దు అంగట్లో ఏం జరిగిందో అప్పటికే ఆ ఇంటికి చేరినట్టుంది, నా వైపు కళ్లెర్రజేసి చూస్తోంది. బిందె నిండి నీళ్లు వీధిలోకి పొర్లుతున్నా ఎవరూ కుళాయి కట్టేయలేదు.

మళ్లీ చెప్పాను.