చెప్పి కొట్టిన ఛాంపియన్

ఆముదం సీసా మూత తీస్తే చాలు, ఈ వయసులో కూడా నా గుప్పిళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. ఎందుకో చెబుతాను. కొల్లేటి పెద్దింట్లమ్మ తల్లి సాక్షిగా అక్షరం అబద్ధముండదు; ఉంటే ఈ జన్మకి నా విస్తట్లో చేపల పులుసు పడకూడదు.

పందొమ్మిదివందల ముప్పైలలో కొల్లేటికోటలో మా వెంకన్న బాబాయి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. ఆయన కాలు పెడితే దోనె అంచుదాకా మునిగేది. చలికాలం పక్షులు దిగి, నీళ్ళు వెనక్కి తీసి, ఇంటింటా కొర్రమీను పులుసు ఉడికే రోజుల్లో, బూరుగుదూది కూరి కుట్టిన తోలు తొడుగులకి ఆముదం పట్టించి, నడుంలోతు నీళ్ళలో నిలబడి ఆయన పిడికిళ్ళు విసురుతుంటే, మా పిల్లమూకంతా చెడుగుడు ఆపేసి గట్టున బుట్టలతో కూర్చునేవాళ్ళం, ఆ దెబ్బలకి సొమ్మసిల్లి తేలే చేపల్ని ఏరుకోవడానికి.

ఆయనకి సరిజోడు ఒక్కరే, తాడేపల్లిగూడెం రైసుమిల్లులో ముఠామేస్త్రి దావీదుగారు. పేరు దావీదు, ఒళ్ళు గొల్యాతుది. ఏలూరు కాలవగట్టున వేసిన డేరాలో మొదటి ఆట బాబాయి గెలిచి, జిలేబీ పొట్లంతో ఇంటికొస్తే, మా నాయనమ్మ పొట్లం ముట్టలేదు.

"ఆయన నీకన్నా పెద్దోడంటగా. పెద్దోణ్ణి చెప్పకుండా కొడతావంట్రా? అలాగే పెంచానా నిన్ను?"

రెండో ఆటలో బాబాయి ప్రతి దెబ్బకీ ముందు "కొడతన్నానండీ" అన్నాడు. అన్నప్పుడల్లా దావీదుగారు తప్పుకున్నారు. బాబాయి ఓడాడు. ఇక మిగిలింది మూడోది. అది గెలిచినవాళ్ళకే ఛాంపియన్ బెల్టు శాశ్వతంగా దక్కుతుంది.

"ఆ మాట మానెయ్ బాబాయ్, నాయనమ్మకి అంత దూరం వినపడదుగా!" అని బతిమాలాం.

"నాకు వినపడద్ది కదరా," అన్నాడు. "అనే గెలుస్తాను. చూస్తా ఉండండి."

ఆ నెలంతా నీళ్ళలోనే ఉన్నాడు. ఒళ్ళు నాని, వేళ్ళు ముడతలు పడి, జలుబుతో గొంతు పోయినా, దెబ్బదెబ్బకీ ఆ మాట అంటూనే ఉన్నాడు.

మూడో ఆటలో మూతి పగిలి, కన్ను వాచి, బాబాయి నిటారుగా నిలబడ్డాడు.

"ఎడం చేత్తోనండీ!" అన్నాడు.

దెబ్బలాటలో నిజం ఎవడు చెబుతాడని దావీదుగారు కుడిచేతి దెబ్బకి కాచుకున్నారు. వచ్చింది ఎడంచెయ్యే. ఆయన పడిన అదురుకి డేరా గుంజలు ఊగాయి, భూకంపమనుకుని భీమడోలు దగ్గర రైలు ఆపేశారు.

ఇప్పుడు డేరా వేసినచోట సినిమా హాలుంది. నాయనమ్మ లేదు. తొడుగులు ఎలుకలపాలయ్యాయి. కొట్టేముందు చెప్పేవాళ్ళూ, చెబితే నమ్మేవాళ్ళూ నాకెక్కడా తగల్లేదు.

నమ్మడమంటే గుర్తొచ్చింది, ఒకటి ఒప్పుకోవాలి. దావీదుగారు నమ్మకపోవడమన్నది నా కల్పన. ఆయన నమ్మారు. ఎడమంటే ఎడమే కాచుకుని, "నేనూ కొడతన్నా తమ్ముడూ" అని చెప్పి మరీ కొట్టారు. బెల్టు తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది.

రైలు ఆగిన మాట మాత్రం నిజం. పడింది మా బాబాయి.